ప్రపంచ క్రిస్మస్ మీద పిల్లల బొమ్మల పుస్తకం: మన ఊళ్ళోనే, మన తెలుగులో చేసుకోవడం ఎలా

మూడేళ్ళ క్రితం డిసెంబర్‌లో మా సండే స్కూల్ పిల్లలకి చదివి వినిపిద్దామని, వేరే దేశాల్లో క్రిస్మస్ ఎలా చేసుకుంటారో చెప్పే తెలుగు పుస్తకం కోసం ఒంగోలంతా తిరిగాను. బైబిలు కథల బొమ్మల పుస్తకాలు దొరికాయి, పాటల పుస్తకాలు దొరికాయి, నాకు కావలసింది మాత్రం దొరకలేదు. చివరికి ఇంగ్లీషులో ఉన్న ఒకటి కొనుక్కొచ్చి, బొమ్మలు చూపిస్తూ తెలుగులో చెప్పబోయాను. రెండో పేజీలోనే క్రిస్మస్ తాత చిమ్నీలోంచి దిగాడు. టంగుటూరు వైపు నుంచి వచ్చే పిల్లాడు ఒకడు చెయ్యెత్తి, "అక్కా, చిమ్నీ అంటే పొగాకు బ్యారన్‌కి ఉంటుందే, ఆ గొట్టమేనా?" అన్నాడు. పొగాకు ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టం బ్యారన్, వాడికి తెలిసిన చిమ్నీ దానిదే మరి. ఇంక పుస్తకం మూసేసి, బ్యారన్‌లో దిగి మసి కొట్టుకుపోయి దగ్గుతున్న క్రిస్మస్ తాత బొమ్మ వేసుకుంటూ ఆ గంటంతా గడిపేశాం.

మన పిల్లలకి పనికొచ్చే పుస్తకం మనమే చేసుకోవాలని ఆరోజే అనుకున్నాం. ఇప్పటికి రెండు చేశాం. మొదటిది సగం పాడైంది, రెండోది బాగా వచ్చింది. ఆ రెండింటిలో నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా చెబుతాను. చర్చిలోనే చేయాలని లేదు, బడిలో చేయొచ్చు, అపార్ట్‌మెంట్ పిల్లలతో చేయొచ్చు. మా బృందంలో సగం మంది పక్కింటి పిల్లలే, వాళ్ళిళ్ళలో క్రిస్మస్ లేదు, కేకు మాత్రం ఉంటుంది.

ముందు తేదీలు చూసుకోండి

దసరా సెలవుల్లో మొదలుపెట్టండి. నవంబర్లో చూద్దాంలే అనుకుంటే పని అవదు. మన కోస్తాలో నవంబర్ అంటే అల్పపీడనాలు, ముసురు, ఉన్నట్టుండి బళ్ళకి సెలవు, వేసిన రంగు రెండు రోజులైనా ఆరదు, కాగితం అప్పడంలా మెత్తబడిపోతుంది. డిసెంబర్ వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌లు, నాటిక రిహార్సల్స్, రాత్రిళ్ళు క్యారల్స్ రౌండ్స్, ఇంక పిల్లలు మీ చేతికి దొరకరు.

నేను పెట్టుకునే లెక్క ఇది: అక్టోబర్లో సమాచారం, రాత. నవంబర్ రెండో వారానికి బొమ్మలు. నవంబర్ ఆఖరుకి జిరాక్స్, కుట్టు. అడ్వెంట్ (క్రిస్మస్ కోసం ఎదురుచూసే నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారం ఎప్పుడూ నవంబర్ 27కీ డిసెంబర్ 3కీ మధ్యే వస్తుంది కాబట్టి ఆరోజుకి పుస్తకం పిల్లల చేతుల్లో ఉండాలని గట్టిగా పెట్టుకోండి. గడువు లేకపోతే ఈ పని సంక్రాంతి దాకా సాగుతుంది, అనుభవంతో చెబుతున్నా.

ఎనిమిది నుంచి పదమూడేళ్ళ మధ్య పిల్లలు పది పన్నెండు మంది చాలు. ఒక్కో దేశానికి ఇద్దరు, ఒకరు రాసేవాళ్ళు, ఒకరు గీసేవాళ్ళు. ఇద్దరూ గీస్తామనే అంటారు, అది మామూలే.

పదహారు పేజీలు, అంతకంటే వద్దు

ఏ-4 కాగితాన్ని మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. నాలుగు కాగితాలైతే పదహారు. పైన అట్టకి ఇంకో మందపాటి కాగితం. అంతే పుస్తకం. మొదటి పేజీ పేరు, రెండూ మూడూ కలిపి ప్రపంచ పటం, నాలుగు నుంచి పదిహేను దాకా జంట పేజీలుగా ఆరు చోట్లు, పదహారో పేజీలో పిల్లల పేర్లు.

ఆరు అన్నాను, ఐదు దేశాలు అనుకోండి, ఆరోది మన ఊరు. మన ఊరు ఎక్కడ పెట్టాలో కూడా ఇప్పుడే చెప్పేస్తాను: సరిగ్గా మధ్యలో, 8-9 పేజీల్లో. ముందు పెడితే "మనం ఇలా, మిగతావాళ్ళు వింతగా" అన్నట్టు ఉంటుంది. చివర పెడితే ఏదో గుర్తొచ్చి అతికించినట్టు ఉంటుంది. మధ్యలో పెడితే అన్ని ఊళ్ళ మధ్యా మనదీ ఒక ఊరు. ఇంకో లాభం కూడా ఉంది, కుట్టిన పుస్తకంలో నడిమి రెండు పేజీలు మాత్రమే ఒకే కాగితం మీద పక్కపక్కన వస్తాయి, కాబట్టి బొమ్మ ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా వేయొచ్చు.

దేశంతో కాదు, వస్తువుతో మొదలుపెట్టండి

మొదటిసారి మేం చేసిన తప్పు ఇక్కడే. పిల్లల్ని "మీకిష్టమైన దేశాలు చెప్పండి" అన్నాను. అమెరికా, లండన్, జర్మనీ, స్విట్జర్లాండ్, మళ్ళీ అమెరికా. ఆరు చోట్లా మంచు, ఆరు చోట్లా చెట్టు. రెండోసారి తిరగేశాం. పిల్లలు చేత్తో పట్టుకున్న వస్తువులు కొన్ని నేలమీద పెట్టి, ఇలాంటిది ఏ దేశం క్రిస్మస్‌లో ఉందో వెతికాం. మాకు దొరికినవి చెబుతాను, వాడుకోండి.

వెదురు బద్దల నక్షత్రం. నవంబర్ చివర్లో మనం వెదురు బద్దలు చీల్చి, దారంతో కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి మేడమీద కడతాం కదా. ఫిలిప్పీన్స్‌లో కూడా అచ్చం ఇలాగే వెదురూ పల్చటి కాగితంతో నక్షత్రం కడతారు, దాన్ని పరోల్ అంటారు. (ఈ పేరు చెప్పగానే మా పిల్లల నాన్నగారొకరు "జైల్లో ఇచ్చేదా?" అని నవ్వారు. కాదు, లాంతరుకి స్పానిష్‌లో ఉన్న ఫరోల్ అనే మాట నుంచి వచ్చింది.) అక్కడ సెప్టెంబర్ వస్తేనే క్రిస్మస్ హడావుడి మొదలు. డిసెంబర్ 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లవారకముందే గుడికి వెళ్తారు, దాన్ని సింబంగ్ గబి అంటారు. బయటికి రాగానే బిబింగ్కా తింటారు, బియ్యప్పిండీ కొబ్బరిపాలూ కలిపి, అరిటాకు మీద పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి కాల్చే రొట్టె. మూతమీద నిప్పులు పెట్టి మన అమ్మమ్మలు కాల్చిన దిబ్బరొట్టె గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది. మా పక్కింటి పాప అయితే ఇంకో సంగతి పట్టుకుంది: "మాకు ధనుర్మాసం కూడా 16కే వస్తుందక్కా, మేమూ చీకట్లోనే లేచి గుడికెళ్తాం, పొంగలి పెడతారు." ఆ వాక్యం అలాగే పేజీ కింద వేశాం.

కర్రా, బంతీ. ఇథియోపియాలో క్రిస్మస్ పేరు గెన్న, అదే పేరుతో ఒక ఆట కూడా ఉంది, వంకర కర్రతో చెక్క బంతిని కొడతారు, హాకీలాంటిదే. యేసు పుట్టాడని తెలిసిన ఆనందంలో గొర్రెల కాపరులు చేతికర్రలతోనే ఆడారని అక్కడ కథ చెప్పుకుంటారు. పండుగ జనవరి 7న. పిల్లలకి ఇది విడ్డూరంగా అనిపిస్తుంది, "లేటా?" అంటారు. లేటు కాదు, వాళ్ళ పంచాంగం వేరు. మనకి ఉగాది ఒకరోజు, తడ దాటి తమిళనాడులోకి వెళ్తే కొత్త సంవత్సరం ఇంకోరోజు, ఎవరూ లేటు కాదు కదా అని చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

కుండ. మెక్సికోలో డిసెంబర్ 16 నుంచి 24 దాకా పొసాదాస్ జరుగుతాయి. మరియ యోసేపులు చోటు కోసం తిరిగినట్టు జనం పాడుకుంటూ తలుపులు తడతారు, లోపలివాళ్ళు చోటు లేదని పాటలోనే జవాబిస్తారు, చివరికి ఒక ఇల్లు తలుపు తీస్తుంది. తర్వాత పిన్యాతా. పాతకాలంలో ఇది మట్టికుండ, పైన రంగు కాగితాలు, ఏడు కొమ్ముల నక్షత్రం ఆకారం, లోపల పళ్ళూ మిఠాయిలూ. కళ్ళకి గంతలు కట్టుకుని కర్రతో కొట్టాలి. ఉట్టి కొట్టడం చూసిన పిల్లలకి దీన్ని వివరించాల్సిన పనే లేదు.

పుస్తకం. పుస్తకం చేసేవాళ్ళం పుస్తకాల పండుగని వదిలేస్తామా? ఐస్‌లాండ్‌లో డిసెంబర్ 24 సాయంత్రం పుస్తకాలు బహుమతిగా ఇచ్చుకుని, ఆ రాత్రి చదువుకుంటూ కూర్చుంటారు. క్రిస్మస్ ముందు వచ్చిపడే కొత్త పుస్తకాలకి అక్కడొక పేరుంది, దానర్థం పుస్తకాల వరద. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో చాలా దిగుమతుల మీద ఆంక్షలుండేవి, కాగితం మీద అంతగా లేవు, దాంతో పుస్తకమే మంచి బహుమతి అయింది. 1944 నుంచి కొత్త పుస్తకాల జాబితా అచ్చువేసి ఇంటింటికీ పంపడం మొదలైంది. అక్కడి పిల్లలకి పదమూడు మంది అల్లరి తాతలు కూడా ఉన్నారు, ఒక్కొక్కడు ఒక్కో రాత్రి కొండమీద నుంచి దిగుతాడు, ఒకడు గరిటెలు నాకుతాడు, ఒకడు తలుపులు ధడాలుమని వేస్తాడు. మా పిల్లలకి వీళ్ళు నచ్చినంతగా ఇంకేదీ నచ్చలేదు, గరిటెల తాత బొమ్మ కోసం కొట్టుకున్నారు.

ఖాళీ కుర్చీ. పోలండ్‌లో డిసెంబర్ 24న ఆకాశంలో మొదటి చుక్క కనిపించేదాకా భోజనానికి కూర్చోరు. బల్లగుడ్డ కింద కొంచెం ఎండుగడ్డి పరుస్తారు, పశువుల తొట్టికి గుర్తుగా. ఒక పళ్ళెం, ఒక కుర్చీ ఎక్కువ వేస్తారు, అనుకోకుండా ఎవరైనా వస్తే వాళ్ళకి. ఈ పేజీలో మాటలు తక్కువ, కుర్చీ బొమ్మ పెద్దది.

ఇవి కాక చేతిలో ఉంచుకోవలసినవి: వెనిజులా రాజధాని కరకాస్‌లో తెల్లవారుజామున రోలర్ స్కేట్ల మీద గుడికి వెళ్ళడం, స్వీడన్‌లో డిసెంబర్ 13న తెల్ల గౌను, ఎర్ర నడికట్టు, తలమీద కొవ్వొత్తుల కిరీటంతో వచ్చే లూసియా, కుంకుమపువ్వు వేసిన బన్నులు, ఇటలీలో జనవరి 6కి ముందురాత్రి చీపురుమీద వచ్చే బెఫానా అవ్వ, ఆస్ట్రేలియాలో ఎండాకాలపు క్రిస్మస్, జపాన్‌లో 1974లో కేఎఫ్‌సీ ప్రచారంతో పాతుకుపోయిన వేపుడు కోడి విందు. జపాన్‌లో క్రైస్తవులు కొద్దిమందే, 25న సెలవు కూడా లేదు, అయినా స్ట్రాబెరీ కేకు ఉంటుంది. ఈ ముక్క పెద్ద పిల్లల్లో మంచి వాదన లేపుతుంది. ఆస్ట్రియా వైపు కొమ్ములతో, గొలుసులతో వచ్చే క్రాంపుస్‌ని మాత్రం నేను ఆరేళ్ళలోపు పిల్లల పుస్తకంలో పెట్టను, రాత్రి పక్క తడిపితే వాళ్ళమ్మ నన్నే అడుగుతుంది.

విన్నదంతా రాయొద్దు

క్రిస్మస్ మీద తిరిగే కబుర్లలో సగం కల్తీ. క్రిస్మస్ తాతకి ఎర్రబట్టలు కోకాకోలావాళ్ళే తొడిగారంటారు, కానీ వాళ్ళ ప్రకటనలకి ముందే ఎర్రబట్టల తాత బొమ్మలున్నాయి. మీ పిల్లలకి మూడు గళ్ళ కాగితం ఇవ్వండి: ఇది కథ, ఇది ఆచారం, ఇది జరిగిన సంగతి. నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలో ఉన్న మైరా పట్టణానికి, క్రిస్మస్ తాత కథకి మూలమైన నికొలాస్ అనే బిషప్ ఉండేవాడు, అది మూడో గడి. బూట్లలో బహుమతులు పెట్టడం రెండో గడి. చీపురు అవ్వ మొదటి గడి. కథని కథగానే చెబితే తప్పేం లేదు, "అని చెప్పుకుంటారు" అన్న మాట ఒక్కటి చేరిస్తే చాలు.

పాత పుస్తకాల్లోని సమాచారం ఒక్కోసారి మారిపోయి ఉంటుంది. ఉక్రెయిన్‌లో క్రిస్మస్ సెలవు జనవరి 7 అనే చాలాచోట్ల రాసి ఉంటుంది, 2023లో వాళ్ళు చట్టం చేసి డిసెంబర్ 25కి మార్చుకున్నారు. అందుకని కనీసం రెండు చోట్ల చూడండి, ఆ రెండోది మొదటిదాన్ని చూసి రాసింది కాకూడదు. అంతకంటే మంచిది మనిషిని అడగడం. మన జిల్లాల్లో కువైట్‌కో దుబాయ్‌కో వెళ్ళిన చుట్టం లేని వీధి ఉంటుందా? మా పిన్ని కువైట్‌లో ఉన్నప్పుడు గదిలో ఫిలిప్పీన్స్ ఆవిడ ఉండేది, ఇప్పటికీ మాట్లాడుకుంటారు. నేను నెట్‌లో చదివిన పది పేజీల కంటే ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్ ఒక్కటే ఎక్కువ పనికొచ్చింది.

ఇంకో జాగ్రత్త. ఆచారం ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా రాసుకోవచ్చు. కానీ ఒక పుస్తకంలోని వాక్యాలూ బొమ్మలూ రాసినవాళ్ళవి, గీసినవాళ్ళవి. ఇంగ్లీషు పుస్తకాన్ని పేజీకి పేజీ తెలుగు చేసి పంచిపెట్టకండి. నమూనా కావాలంటే ప్రథమ్ బుక్స్‌వాళ్ళ పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్ చూడండి, 2015లో మొదలైంది, తెలుగు కథలు చాలా ఉన్నాయి, పేర్లు సరిగ్గా వేస్తే వాడుకోవడానికి అనుమతి కూడా ముందే ఇచ్చేశారు. ఒక పేజీకి ఎన్ని వాక్యాలు, బొమ్మ ఎంత, మాట ఎంత అన్నది అక్కడ చూసి నేర్చుకోవచ్చు.

రాయడం

అసలు కష్టం ఇక్కడ. పిల్లలకి రాయమని ఇస్తే మొదట ఇలా రాసుకొస్తారు: "ఫిలిప్పీన్స్ దేశ ప్రజలు క్రిస్మస్ పండుగను అత్యంత వైభవంగా జరుపుకుంటారు." బళ్ళో అలా రాస్తే మార్కులొస్తాయి మరి, వాళ్ళ తప్పు కాదు. ఫిలిప్పీన్స్ తీసేసి పెరూ పెట్టండి, వాక్యం చెక్కుచెదరదు. దేశం పేరు మార్చినా నిలబడే వాక్యాన్ని కొట్టేయడమే నా పద్ధతి.

దాని బదులు అక్కడి పిల్ల ఒకతి ఆ పొద్దున ఏం చేస్తుందో రాయించండి. మా పేజీ చివరికి ఇలా తేలింది:

"తెల్లవారుజాము నాలుగు. అమ్మ లేపింది. కళ్ళు తెరుచుకోవట్లేదు. వీధంతా చీకటి, కానీ ప్రతి కిటికీలో ఒక నక్షత్రం. గుళ్ళో నిద్ర ఆపుకున్నాను. బయటికి రాగానే వాసన! అరిటాకు కాలుతున్న వాసన. ఇవాళ రెండు తింటాను. ఇంకా ఏడు పొద్దులు మిగిలాయి."

ఇది రాసిన పాపకి పదేళ్ళు. "అత్యంత వైభవంగా" అన్న మాట ఎక్కడ పోయిందో చూశారా.

పేజీకి నలభై మాటలు దాటనివ్వకండి. చదివేది అమ్మో నాన్నమ్మో, వినేది నాలుగేళ్ళ తమ్ముడు కావచ్చు. రాసిన ప్రతి ముక్కా గట్టిగా చదివి చూడండి, ఎక్కడ ఊపిరి అందక ఆగారో అక్కడ వాక్యాన్ని రెండు చేయండి. విదేశీ పేర్లు పేజీకి ఒకటి చాలు, అదీ రెండుసార్లు రావాలి, మొదటిసారి తడబడినా రెండోసారికి నోరు తిరుగుతుంది.

మంచు సంగతి. మన పిల్లలకి మంచు అంటే జనవరి పొద్దున హైవే మీద లైట్లు వేసుకుని నడిపించే పొగమంచు. ఆకాశం నుంచి పడే మంచు అది కాదు. "ఐస్‌క్రీంలా" అని రాస్తే ఏదో తీపి సంగతి అనుకుంటారు. మేం ఏం చేశామంటే, పాత ఫ్రిజ్ ఫ్రీజర్‌లో గోడలకి పేరుకుంటుందే తెల్లటి పొర, దాన్ని చెంచాతో గీకి ఒక్కొక్కరి అరచేతిలో వేశాం. ముందు గరగరలాడింది, తర్వాత వేళ్ళు జివ్వుమన్నాయి, చూస్తుండగానే నీళ్ళయి మోచేతి దాకా కారింది. అప్పుడు రాయమన్నాను. చీకటి కూడా అంతే. మనకి డిసెంబర్ మధ్యలో పొద్దు ఐదూ నలభై ప్రాంతంలో గుంకుతుంది, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో మధ్యాహ్నం మూడు కాకముందే. "నువ్వు బడి నుంచి ఇంటికి రాకముందే రాత్రి అయిపోతుంది" అని రాస్తే తలమీద కొవ్వొత్తులు ఎందుకు పెట్టుకున్నారో వేరే చెప్పక్కర్లేదు.

మన పేజీ, దాంతో మిగతా పేజీలకి పరీక్ష

మన పేజీ అందరికంటే ఆఖర్న రాయించండి, ఎందుకంటే దాంతో ఒక పనుంది. ముందు నేనే కావాలని ఒక తప్పుడు పేజీ రాసి చదివాను: "ఒంగోలు అనే ప్రాంతంలోని ప్రజలు ఒక విచిత్రమైన ఆచారం పాటిస్తారు. సముద్రపు ఒడ్డున పెరిగే ఒక చెట్టు కొమ్మను నరికి, ఇసుక నింపిన బకెట్‌లో గుచ్చి, దూదిని అంటిస్తారు." పిల్లలు ఒక్క క్షణం నవ్వారు, తర్వాత మొహాలు మాడ్చుకున్నారు. "విచిత్రం ఏంటక్కా, సరుగుడు కొమ్మ బాగుంటది కదా!" అని ఒకడు. అప్పుడు వాళ్ళు రాసిన ఇథియోపియా పేజీ తీసి ముందు పెట్టాను. అందులో "వింత" అన్న మాట మూడుసార్లు ఉంది. నేనేం చెప్పకుండానే కొట్టేసుకున్నారు. ఈ పరీక్ష మీరూ పెట్టండి. మన ఊరి గురించి రాస్తే మనకి గుచ్చుకునే మాట ఏదైనా ఇంకొకరి ఊరి పేజీలో ఉండకూడదు.

మరి మన పేజీలో ఏం పెట్టాలి? ఎవరింట్లో ఏముందో అడిగితే బోర్డు నిండిపోయింది. సరుగుడు కొమ్మ, మేడమీద నక్షత్రం, సున్నాలు, వాకిట్లో రంగుల ముగ్గు, 24 రాత్రి ఆరాధనలో అక్కడే నిద్రపోయిన తమ్ముడు, క్యారల్స్‌వాళ్ళు అర్ధరాత్రి డప్పుతో వచ్చి లేపితే దుప్పటి కప్పుకునే బయటికొచ్చిన తాతయ్య, అరిసెలు, పక్కింటికి కేకు పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాకపోవడం. నేనైతే గిన్నెకి ఓటేశాను. పిల్లలు క్యారల్స్‌కి వేశారు. వాళ్ళే గెలిచారు.

సంఘంలో ఒక పెద్దాయన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి, ఇక్కడ పనిచేసిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర సంగతి పెట్టాలని పట్టుబట్టారు. మన చరిత్రే, పెద్ద చరిత్ర. కానీ అది జూలై, మనది డిసెంబర్ పుస్తకం. దానికి వేరే పుస్తకం చేద్దాం తాతగారూ అని ఒప్పించాను. మీకూ ఇలాంటివి వస్తాయి. మర్యాదగా వద్దనడం కూడా ఈ పనిలో భాగమే.

బొమ్మలు

నెట్‌లోంచి బొమ్మలు దించి అతికించొద్దు. పిల్లలే గీయాలి, వంకరగా వచ్చినా సరే. ముందు పెన్సిల్, తర్వాత నల్ల స్కెచ్ పెన్‌తో గీత. రంగులు వేయనివ్వకండి! వినడానికి కఠినంగానే ఉంటుంది, చెబుతాను. రంగుల జిరాక్స్ ఖర్చు ఎక్కువ, నలభై కాపీలంటే జేబు చూసుకోవాలి. నల్లగీతతో వదిలేస్తే మామూలు జిరాక్స్ సరిపోతుంది, పైగా పుస్తకం తీసుకున్న ప్రతి పిల్లా తన కాపీకి తనే రంగులు వేసుకుంటుంది. మావాళ్ళ నలభై పుస్తకాలూ ఇప్పుడు నలభై రకాలు.

మనుషుల్ని గీసేటప్పుడు ఒక మాట. ఇథియోపియా పిల్లల్ని మావాడు మొదట ఒకే మూసలో గీశాడు, అందరికీ ఒకే మొహం. ఫోటోలు చూపించి, అక్కడివాళ్ళు పండుగకి కట్టుకునే అంచున్న తెల్లబట్టలు, జుట్టు, నవ్వు ఒక్కొక్కటీ చూసి గీయమన్నాను. పశువుల పాక బొమ్మలో మాత్రం స్వేచ్ఛ ఇచ్చేశాను. మా పాకలో ఎద్దు మూపురం ఎత్తుగా, గంగడోలు వేలాడుతూ నిలబడి ఉంటుంది, ఎంతైనా ఒంగోలు గిత్త కదా. ఆ జాతే బ్రెజిల్‌కి వెళ్ళి నెల్లూరు పేరుతో నెలోర్ అయిందని చెబితే, ఈసారి బ్రెజిల్ పేజీ కావాలని ఇప్పట్నుంచే అడుగుతున్నారు.

ప్రపంచ పటం రెండు వేర్వేరు కాగితాల మీద పడుతుంది, కాబట్టి మడత దగ్గర అట్లాంటిక్ సముద్రం వచ్చేలా గీయించండి. అటు అమెరికాలు, ఇటు మిగతా అంతా. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరిగినా నీళ్ళే జరుగుతాయి.

పేజీలు అమర్చడం

దీన్ని రెండుసార్లు చదవండి. కాగితం అడ్డంగా పెట్టుకున్నప్పుడు ఒకే వైపు పక్కపక్కన వచ్చే రెండు పేజీల అంకెలు కలిపితే ఎప్పుడూ 17 రావాలి. మొదటి కాగితం ఒకవైపు ఎడమన 16, కుడిన 1. వెనక 2, 15. రెండో కాగితం 14, 3. వెనక 4, 13. మూడోది 12, 5. వెనక 6, 11. నాలుగోది 10, 7. వెనక 8, 9. నమ్మకం కుదరకపోతే నాలుగు చిత్తుకాగితాలు మడిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, పెన్నుతో అంకెలు వేసి విప్పి చూడండి.

అక్షరాలు చేత్తో రాయిస్తే అందం, కాకపోతే టైపు చేయించండి. యూనికోడ్‌లో ఉచితంగా దొరికే మండలి లాంటి గుండ్రటి ఫాంటు పిల్లల కళ్ళకి బాగుంటుంది, 18 సైజుకి తగ్గించకండి. షాపుకి ఇచ్చేటప్పుడు పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. మొదటిసారి నేను వాట్సాప్‌లో మాటలు పంపాను, వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులన్నీ ఊడి పక్కకొచ్చాయి, క్రిస్మస్ కాస్తా ఎవరికీ అర్థంకాని మాట అయింది.

జిరాక్స్, కుట్టు

రెండువైపులా జిరాక్స్ తీయించేటప్పుడు పొట్టి అంచు వైపు తిప్పమని చెప్పాలి. నేను చెప్పలేదు. నలభై కాపీలూ వెనకవైపు తలకిందులుగా వచ్చాయి, పిల్లలు పుస్తకాన్ని స్టీరింగ్‌లా తిప్పుకుంటూ చదివారు. ముందు ఒక్క కాపీ తీయించి, అక్కడే నిలబడి మడిచి, పేజీలన్నీ తిప్పి చూశాకే మిగతావి తీయమనండి. కాగితం 100 జీఎస్‌ఎం (కాగితం ఎంత దళసరో చెప్పే కొలత) అడగండి, 70 అయితే స్కెచ్ పెన్ రంగు వెనక్కి దిగుతుంది.

స్టాప్లర్ మామూలుది మధ్య మడత దాకా అందదు. సూదీ దారమే నయం. మడత మీద మూడు బెజ్జాలు: మధ్యలో ఒకటి, పైనా కిందా రెండంగుళాల దూరంలో ఒక్కొక్కటి. బెజ్జాలు మాత్రం పెద్దవాళ్ళే దబ్బనంతో పొడవండి, కింద పాత చెప్పో థర్మోకోల్ ముక్కో పెట్టుకుని. తర్వాత సూది పిల్లల చేతికి. బయటి నుంచి మధ్య బెజ్జంలోకి పోనివ్వాలి, జానెడు దారం బయట వదలాలి. లోపలి నుంచి పై బెజ్జంలోంచి బయటికి. బయట వెంబడి మధ్యదాన్ని దాటుకుని కింది బెజ్జంలోంచి లోపలికి. లోపలి నుంచి మళ్ళీ మధ్య బెజ్జంలోంచి బయటికి. ఇప్పుడు రెండు కొసలూ బయటే ఉన్నాయి, వాటి మధ్య పొడుగు కుట్టు ఒకటి పడుకుని ఉంది. దానికి అటొకటి ఇటొకటి తెచ్చి ముడి వేయండి. దారాన్ని మడత వెంబడి లాగండి, అడ్డంగా లాగితే కాగితం చిరుగుతుంది. మూడో పుస్తకానికి చెయ్యి తిరుగుతుంది, పదో పుస్తకానికి పిల్లలు మీకు నేర్పుతారు. కుట్టాక రాత్రంతా బియ్యం డబ్బా కిందో లావు నిఘంటువు కిందో పెట్టండి, లేకపోతే నోరు తెరుచుకునే ఉంటుంది.

చదివి వినిపించడం

ఒకేసారి మొత్తం చదవొద్దు. అడ్వెంట్ నాలుగు ఆదివారాలకి పంచుకోండి, వారానికి ఒకటో రెండో ఊళ్ళు. చదివే ముందు ఆ వస్తువు చేతికివ్వండి, కర్రో కుండో నక్షత్రమో. పోలండ్ రోజున మేం తరగతిలో ఒక కుర్చీ ఖాళీగా వేశాం. మా పాస్టర్ అయ్యగారు ఏదో పనిమీద వచ్చి అందులో కూర్చోబోతే పిల్లలందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు, ఆయనకి ఎందుకో అర్థంకాలేదు.

నల్లగీత అసలు కాగితాలు మాత్రం జాగ్రత్తగా ప్లాస్టిక్ ఫైల్లో దాచండి, ఈ ముసురుకి బీరువాలో కూడా చెమ్మ చేరుతుంది. మళ్ళీ అచ్చుకి అవే కావాలి. పిన్ని చేత మా పుస్తకం ఫోటోలు ఆ ఫిలిప్పీన్స్ ఆవిడకి పంపించాను. చాలా సంతోషపడింది, వెంటనే తప్పు కూడా పట్టింది: మీ పరోల్‌కి తోకలేవి? కింది రెండు కొనలకీ కాగితపు కుచ్చుల తోకలుంటాయట, నిజమే, ఫోటోల్లో మళ్ళీ చూస్తే కనిపించాయి. నాలుగో పేజీ అసలు కాగితం బయటికి తీసి, పెన్సిల్‌తో రెండు తోకలు గీసి పెట్టాం, ఈ దసరా సెలవుల్లో వాటి మీద స్కెచ్ పెన్ దిద్దాలి.